భూమి పగులుతదా అని అడిగిన సమ్మమ్మ

మా మేనత్త సమ్మమ్మ కొత్తవాళ్లు ఎవరు కనిపించినా ఒక మాట అడిగేది. నెక్కొండ స్టేషన్‌లో టికెట్లిచ్చే సారును అడిగింది. మరిపెడలో జ్వరానికి సూది వేసిన డాక్టరమ్మను అడిగింది. ఒకసారి ఓట్ల కోసం వచ్చినాయన్ని కూడా ఆపి అడిగింది.

"సారూ, భూమి ఎప్పుడన్న పగులుతదా? రెండు చెక్కలైతదా?"

టికెట్ల సారు, "ముందు ఎక్కడిదాకనో చెప్పమ్మా, ఎనుక లైనుంది" అన్నాడు. ఓట్లాయన, "మేం గెలిస్తే పగులనియ్యం" అని దండం పెట్టి పోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఆమెకు అది నిజంగా తెలుసుకోవాల్సిన సంగతి.

మాది బావులు తవ్వే పని. వరంగల్ మట్టెవాడలో చిన్న ఇల్లుంది గాని, వానలు పడే నెలలు తప్ప అక్కడ ఉండం. ఏ రైతు బావి కావాలంటే ఆ చేనులో గుడారం వేసుకుంటాం. పైన పదిహేను ఇరవై అడుగులు మట్టి, మొరం. ఆ తర్వాత బండ. బండకు మిషన్‌తో రంధ్రాలు చేసి, తూటాలు కూరి, వత్తులు అంటించి పేలుస్తారు. పగిలిన రాళ్లను క్రేను తొట్టిలో పైకి తీస్తారు. మా నాయిన కొమురెల్లి మేస్త్రీ. అత్తమ్మ ఆయనకు అక్క. పదిహేనేళ్ల వయసు నుంచి ఇదే పనిలో ఉంది. ముప్పై అయిదేళ్లలో ఎన్ని బావులయ్యాయో ఆమెకే తెలియదు. ఇన్ని చోట్ల పేల్చుకుంటూ పోతే ఒకనాడు భూమి మొత్తం విడిపోతుందేమో, అందులో తన పాలు కూడా ఉంటుందేమో అని ఆమె భయం.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి గుడారానికి వచ్చాను. అప్పుడు అమ్మ కాలు విరిగింది, వండేవాళ్లు లేరు. అమ్మ కాలు ఆరు నెలల్లో బాగైంది. నన్ను మళ్లీ బడికి పంపాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఏడేళ్లయింది. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే నేనున్నానన్న సంగతి కూడా మర్చిపోయి మా వాళ్లు నా ముందే అన్నీ మాట్లాడుకుంటారు.

అత్తమ్మ పని లెక్క పెట్టడం. ఏడు తూటాలు పెడితే ఏడు చప్పుళ్లు వినపడాలి. ఒకదాని తర్వాత ఒకటి పేలేటట్టు వత్తులను పొట్టిగా, పొడుగ్గా కోస్తారు. ఒక్క చప్పుడు తక్కువైనా లోపల పేలని తూటా ఉన్నట్టే. ఇక తెల్లారేదాకా ఎవరూ దిగకూడదు.

ఇరవై ఏళ్ల కింద అత్తమ్మ భర్త కట్టయ్య మామ దిగాడు. "ఆ రోజు నలుగురు లెక్కపెట్టిండ్రు" అని అత్తమ్మ చెప్పేది. ఇద్దరు ఆరన్నారు, ఇద్దరు ఏడన్నారు. ఏడన్నవాళ్ల గొంతు పెద్దది. మామ గడ్డపార వేసిన చోటే ఏడోది ఉంది. రెండు చేతులు, చూపు పోయాయి. ప్రాణం పోలేదు. మట్టెవాడ ఇంట్లో వెనక గదిలో పదకొండేళ్లు కూర్చున్నాడు. ఆ గదికి ఒక్కటే కిటికీ. తెరిస్తే మూరెడు దూరంలో పక్కింటి గోడ. పని ఉన్న నెలల్లో, అప్పటికి బతికున్న మా నాయినమ్మ ఆయన్ను చూసుకునేది. పని లేని నెలల్లో అత్తమ్మ ఆ గదిలోనే ఆయనకు తినిపించేది, తుడిచేది, గోడ వైపు చూస్తూ కూర్చునేది. మామ పోయాక ఆమె ఆ గదిలో పడుకోలేదు. జడివానలో కూడా ముందు అరుగు మీద గోనెసంచి కప్పుకుని పడుకునేది.

మామకు అట్లా అయిన నెలలోనే ఆమె మా వాళ్లందరినీ కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పిందట. "ఇగనుంచి ఒక్కలే లెక్కపెట్టాలె, అది నేను. నేను లెక్కపెట్టేటప్పుడు మిగిలినవాళ్లు లెక్కపెట్టొద్దు, గట్టిగ ముచ్చట పెట్టుకోవాలె, నా లెక్కకు ఎవలు ఎదురు చెప్పొద్దు. మూడోది, లెక్క తప్పినోళ్లు మళ్లా ఆ జాగల కూసోవద్దు."

అప్పటి నుంచి అదే కట్టుబాటు. వత్తులు అంటించగానే మగవాళ్లంతా ట్రాక్టరు చాటుకు పోయి పెద్దగా మాటలు మొదలుపెడతారు. మిషన్ కొట్టే వినయ్ అందరికంటే పెద్దగా కూతలు పెడతాడు. అత్తమ్మ దూరంగా బావికి వీపు పెట్టి కూర్చుంటుంది. కొంగులో తూటాకొక గులకరాయి. ఒక్కో చప్పుడుకు ఒక్కోటి వదులుతుంది. కొంగు ఖాళీ అయితే లేచి "ఒడిసిందీ" అని, అంటే అన్నీ అయిపోయాయని, కేక వేస్తుంది. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. మూడుసార్లు "ఉన్నది, దిగకుండ్రి" అంది. మూడుసార్లూ ఉంది.

పోయిన చలికాలం మరిపెడ దగ్గర పనిలో ఉన్నప్పుడు నేను ఒకటి కనిపెట్టాను. అందరూ నవ్విన తర్వాత, వాళ్ల మొహాలు చూసి అత్తమ్మ నవ్వుతోంది. వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదు. ఎప్పుడూ సంచి పరుచుకుని కూర్చునే మనిషి, లెక్క పెట్టేటప్పుడు సంచి తీసేసి, చెప్పులు విడిచి, బండ మీద ఎడమ అరచెయ్యి ఆనించి కూర్చుంటోంది. ఒక రోజు ఆమె వెనక నిలబడి స్టీలు పళ్లెం కావాలని కింద పడేశాను. ఆమె అట్లాగే బియ్యం ఏరుకుంటూ ఉంది.

తిరిగి నన్ను చూసింది. కింద పళ్లెం చూసింది. ఆమెకు అర్థమైంది.

నా రెక్క పట్టుకుని గుడారం వెనకకు తీసుకుపోయింది. "ఎవలకన్న చెప్పినవా?"

లేదని తల ఊపాను.

"చెప్పకు బిడ్డా. చెవులు పోతే పోయినయ్, చెయ్యి చెప్తది నాకు. బండ పలుకుతది. తప్పు రాదు."

నేను ఆమె అరచెయ్యి వైపు చూశాను.

"మోకాళ్లు పనిచేస్తలేవు, రాళ్లు మొయ్యలేను. ఇది గూడ లేకపోతే మీ నాయిన నన్ను మట్టెవాడకు తోలుతడు. ఆ గదిల కూసోవెడ్తరు. నీకు దండం పెడ్త. ఇంకొక్క బావి. వానలదాక ఆగు."

ఆమె దండం పెట్టబోతే చేతులు పట్టుకున్నాను. చెప్పనని తల ఊపాను. ఆ ఊపడంతో నేను చిక్కుకున్నాను. చెప్తే ఆమె ఆ గదిలోకి పోతుంది. చెప్పకపోతే వినయో, మా నాయినో, ఎవరో ఒకరు ఆమె అరచేతిని నమ్ముకుని బావిలోకి దిగుతారు. అందుకని ఆ రోజు నుంచి కట్టుబాటు తప్పి నేను కూడా దొంగతనంగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దోవన పోయేవాళ్లను ఆపడానికి ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేదాన్ని. పెదవులు కదలకుండా లెక్కపెట్టేదాన్ని. నాలుగు నెలల్లో పదకొండుసార్లు పేల్చారు. పదకొండుసార్లూ ఆమె లెక్క, నా లెక్క ఒక్కటే.

వేసవిలో నెక్కొండ అవతల రాయమల్లు అనే రైతు చేనులో బావి పట్టాం. చేను అంచున రైలు పట్టాలు. అక్కడే వినయ్ ఒక రోజు ఫోన్ తెచ్చి అత్తమ్మ మొహం ముందు పెట్టాడు. ఫోన్‌లో భూమి దోసకాయలాగా పగిలి, లోపల నుంచి ఎర్రగా మంటలు వస్తున్నాయి. బొమ్మతో చేసిన వీడియో.

"సూడు పెద్దమ్మా, వచ్చే నెల పదో తారీఖట. బావి బిల్లు రాంగనే బిర్యానీ తినుండ్రి, మళ్ల దొరుకది."

అత్తమ్మ మొహం పాలిపోయింది. ఆమెకు మాట వినపడలేదు, బొమ్మ చూసింది. ఆ పూట అన్నం తినలేదు.

నాకు పాపమనిపించింది. రెండు రోజులు ఫోన్‌లో వెతికి చదివాను. బడిలో మధ్యలో ఆగిపోయిన సైన్సు కొంత గుర్తొచ్చింది. కానీ చెవులు వినపడని మనిషికి నలుగురి మధ్య ఎట్లా చెప్పడం? క్రేను ఇంజన్ నడుస్తున్నప్పుడు దాని పక్కన ఎవరైనా అరిచే మాట్లాడుకోవాలి. అక్కడ అరిస్తే ఎవరికీ అనుమానం రాదు. అక్కడికి తీసుకుపోయి ఆమె చెవిలో నోరు పెట్టి అరిచాను.

"అత్తమ్మా, భూమి పగులది!"

"ఎవలు చెప్పిండ్రు?"

"చదివిన! బండ పగిలితే ముక్కలు దేనికది పోతయ్. భూమి గట్ల కాదు. అది మస్తు పెద్దది. దాని బరువే దాన్ని నడిమిట్లకు గుంజుకుంటది. ఎవలన్న రెండు చెక్కలు కోసినా, ఆ రెండు మళ్ల వచ్చి ఒకదానికొకటి గుద్దుకొని ముద్దయితయ్!"

ఆమె నా వైపు తిరిగి నా పెదవులు చూసింది. "ఎంత పెద్ద తూటా పెట్టినా?"

"సూర్యుడు వారం రోజులు అన్ని దిక్కులకు ఇచ్చే వేడి మొత్తం ఒక్క జాగల పేలిస్తే పగులుతదట! అంతకు తక్కువైతే పగులది!"

"వారం రోజులా? ఆయన వారం పని బంజేసి గిక్కడికి వస్తడా?" అని ఆమె కిసుక్కున నవ్వింది. చాలా రోజుల తర్వాత అందరికంటే ముందు నవ్వింది. మళ్లీ ఏదో ఆలోచించి, "మరి ఎన్నడు ఏం తలుగలేదా దానికి?" అంది.

"తలిగింది! వందల కోట్ల ఏండ్ల కింద ఇంకో గ్రహం వచ్చి గుద్దిందని సైన్సోళ్లు అంటరు. అప్పుడు ఎగిరిన దాంట్లనుంచే చంద్రుడు అయిండట. మిగిలింది మళ్ల కిందికే వచ్చింది!"

"అంటే మనం లేపిన రాయి గూడ ఒక్కటి పోలేదు."

"ఎక్కడికి పోతది? సెకండుకు పదకొండు కిలోమీటర్లు ఉరికితేనే భూమిని ఇడిసి పోతది!"

ఆమె చాలాసేపు క్రేను తొట్టి పైకి రావడం చూసింది. రాళ్లు దిమ్మరించి తొట్టి మళ్లీ దిగింది. "సెకండుకు పదకొండా" అంది. "గంత ఉరుకాల్నా బిడ్డా, బయటవడాలంటే." ఆమె మొహంలో భయం పోయింది. దాని చోట వచ్చిందేమిటో నాకు తెలియలేదు. సంతోషం మాత్రం కాదు.

ఆ తర్వాత వారానికి, బావి నలభై రెండు అడుగుల లోతు ఉన్నప్పుడు, సాయంత్రం నాలుగింటికి ఏడు తూటాలు పెట్టారు. వినయ్ వత్తులు అంటించి తొట్టిలో పైకి వచ్చాడు. అందరూ ట్రాక్టరు చాటుకు పోయి ముచ్చట మొదలుపెట్టారు. అత్తమ్మ చెప్పులు విడిచి, బండ మీద చెయ్యి ఆనించి కూర్చుంది. నేను ఎర్రగుడ్డతో ముప్పై గజాల దూరంలో దోవ మీద ఉన్నాను.

ఒకటి. రెండు. మూడు, నాలుగు వెంటవెంటనే. అయిదు.

అప్పుడు స్టేషన్ బయట, చేను అంచు పట్టాల మీద ఆగి ఉన్న బొగ్గు గూడ్సు కదిలింది. ఒక డబ్బా ఇంకో డబ్బాను గుంజుకుంటూ ఆ కొస నుంచి ఈ కొస దాకా ధడధడమని జర్కు వచ్చింది. నా అరికాళ్లకు తెలిసింది. అత్తమ్మ కొంగులోంచి ఒక రాయి కింద పడింది.

బావిలో ఏమీ పేలలేదు.

తర్వాత ఆరోది పేలింది. అత్తమ్మ ఆఖరు రాయి వదిలింది. లేచింది. "ఒడిసిందీ!"

నేను అక్కడే నిలబడిపోయాను. గూడ్సు చప్పుడులో ఒకటి నాకు వినపడలేదేమో. ఆమెకు ఇరవై ఏళ్లలో తప్పలేదు. నేనెవరిని? ఇప్పుడు రెండు లెక్కలయ్యాయి. మామ దిగిన రోజు కూడా ఇట్లాగే అయింది గదా. అటు మగవాళ్లు దులుపుకుంటూ బావి దగ్గరకు పోతున్నారు. పొగ తగ్గేదాకా బీడీ తాగారు. వినయ్ గడ్డపార పట్టుకుని తొట్టిలో ఎక్కాడు. నాయిన ఇంజన్ తిప్పాడు.

పరిగెత్తాను. "నాయినా" అని అరిచాననుకున్నాను. ఇంజన్ చప్పుడులో నాకే వినపడలేదు. తొట్టి అంచు దాటి కిందికి పోయింది. నేను నాయిన పక్క నుంచి వంగి ఇంజన్ ఆపే కడ్డీ గుంజాను. నాయిన బ్రేకు మీద నిలబడ్డాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది.

బావిలోంచి వినయ్ గొంతు వచ్చింది. "ఎవలే అది? నన్ను ఉయ్యాలల పండవెడ్తాన్రా? జోలపాట గూడ పాడుండ్రి!"

నాయిన నా మీద చెయ్యి ఎత్తాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఆరే" అన్నాను.

"ఏంది ఆరు?"

"ఆరే పేలినయ్, నాయినా. ఒకటి గూడ్సుబండి."

అత్తమ్మ వచ్చింది. నాయిన ఆమె వైపు తిరిగి అడిగాడు. "అక్కా, ఎన్ని?"

ఆమె ఆయన నోరు చూసి, "ఏడు" అంది. గట్టిగా, తడబడకుండా.

నాయిన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత మెల్లగా బావి వైపు తిరిగి, ఆమెకు వీపు పెట్టి, అదే గొంతుతో అన్నాడు. "అక్కా, ఎన్ని?"

ఆమె పలకలేదు. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో తెలియక ఆమె ఒక్కొక్కరి మొహం చూసింది. చివరకు నా మొహం చూసి, తల దించుకుంది.

నాయిన ఇంజన్ తిప్పి వినయ్‌ని పైకి తెచ్చాడు. ఆ రోజు ఎవరూ దిగలేదు. తెల్లారి నాయినే దిగాడు. వినయ్ దిగుతానంటే వద్దన్నాడు. చేతులతో రాళ్లు ఒక్కొక్కటి తీశాడు. తూర్పు గోడ కింద ఒక రంధ్రంలో సగం కాలి ఆరిపోయిన వత్తి ఉంది, దాని కింద తూటా ఉంది. పైకి వచ్చాక నాయిన రెండు చెంబుల నీళ్లు తాగాడు. ఎప్పుడూ వాగే వినయ్ పోయి తన చెప్పుల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి నాతో, "గడ్డపార అక్కడనే ఏసేటోన్ని చెల్లె, తూర్పు మూలకే ముందు" అన్నాడు.

అత్తమ్మను పొమ్మని ఎవరూ అనలేదు. ఆమే బట్టలు సంచిలో పెట్టుకుంది. నాయిన, "అక్కా, ఉండు, వంట చేద్దువు గని" అని చేతులతో సైగ చేశాడు. "రూలు నాదేనాయె" అంది ఆమె.

నెక్కొండ స్టేషన్ దాకా నేను తోడు పోయాను. బెంచీ మీద కూర్చున్నాక ఆమె నా వైపు చూడకుండా అడిగింది. "మరిపెడ కాడినుంచి నువ్వు గూడ లెక్కపెడ్తానవా?"

ఊపాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలె?"

నువ్వే దండం పెడితివి గదా అన్నట్టు ఆమె రెండు చేతులు పట్టుకుని చూపించాను.

"నేను బతిలాడుత. నాకు ఆ గది భయం. బతిలాడితే ఇనుడేనా? తొట్టి అడుగుదాక దిగితే ఆ పిలగాడు ఏమయ్యేటోడు?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "తొట్టిల ఎక్కినంక కాదే చెప్పేది."

రైలు వచ్చింది. ఎక్కించాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి పోయింది.

ఇక లెక్కకు ఎవరు కూర్చోవాలన్న ముచ్చటే రాలేదు. తర్వాతిసారి తూటాలు పెట్టినప్పుడు నాయిన గులకరాళ్లు తెచ్చి నా కొంగులో పోశాడు. నేను వద్దనలేదు. వద్దనడానికి నోరు తెరిచేలోపే అందరూ ట్రాక్టరు చాటుకు పోయి ముచ్చట మొదలుపెట్టారు. "చెల్లె చెప్తెనే దిగుత, ఇంకెవలు చెప్పినా దిగ" అని వినయ్ అనడం వినపడింది. ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టాలని నేను దాచుకున్న దరఖాస్తు కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది. పరీక్షలు ఎండాకాలంలోనే వస్తాయి, బావుల పనీ అప్పుడే.

మొదటిరోజు ఆరు పెట్టారు, ఆరూ పేలాయి, ఆరు రాళ్లు వదిలాను. కానీ "ఒడిసింది" అనడానికి చాలాసేపు పట్టింది. సరిగ్గానే విన్నాను. అయినా నా నోటి నుంచి మాట వచ్చాక ఒక మనిషి లోపలికి దిగుతాడు. అందరూ లేచి నిలబడి నా వైపు చూస్తున్నారు. నా జన్మలో అంతమంది ఒక్కసారి నా వైపు చూడలేదు. చివరకు అరిచాను. గొంతు చీలి వచ్చింది.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక మట్టెవాడ పోతే అత్తమ్మ ఆ వెనక గదిలోనే ఉంది. కిటికీ తెరిచి పెట్టుకుంది. చెయ్యి బయటికి చాపి పక్కింటి గోడకు అరచెయ్యి ఆనించి కూర్చుంది. "గిన్నెలు తోముతాంది అటు దిక్కు ఆమె" అంది నన్ను చూసి. "కోడలుతోని లొల్లి పెట్టుకుందేమో, ఇయ్యాల గట్టిగ తోముతాంది."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. నెల రోజులుగా నా ఎడమ చెవిలో సన్నగా ఈలలాగా మోగుతోంది. పేల్చిన రోజు రాత్రంతా ఆగదు. ఆమె చెప్పిన మాట గుర్తుంది గనుక ఈసారి దాచలేదు. మరునాడు పొద్దున్నే నాయినకు చెప్పాను.

"దూది పెట్టుకో" అన్నాడు.

"దూది పెట్టుకుంటే లెక్క ఎట్ల, నాయినా?"

ఆయన నా చెవి వైపు, నా మొహం వైపు చూశాడు. ఎవరెవరు కూర్చోగలరో మనసులో ఒక్కొక్కరినీ తిప్పి చూస్తున్నట్టు వేళ్లు ముడిచాడు, విప్పాడు. తర్వాత లేచి, వానలు వెలిసినాక పట్టాల్సిన బావికి బయానా ఇచ్చిన రైతు వస్తే, వాకిట్లోకి పోయి మాట్లాడడం మొదలుపెట్టాడు. బండ ఎన్ని అడుగుల మీద తగులుతుందని రైతును అడుగుతున్నాడు.